బొమ్మ ఎవరికి బిడ్డా?

జాతరలో బొమ్మలమ్మేవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, "ఎవరికి బిడ్డా?" రెండోది, "ఎన్నేండ్లు?"

మొదటిదానికి నేను చాలా కాలం అబద్ధమే చెప్పాను. "మా అన్న కొడుక్కి." రెండోదానికీ జవాబు రెడీగా ఉండేది. "ఐదేండ్లు." మా అన్న కొడుకు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మీసాలు కూడా వచ్చాయి. జాతరల్లో మాత్రం వాడికి ఇంకా ఐదేళ్లే.

నిజమేంటంటే, ఆ బొమ్మలన్నీ నాకే. వయసు 33. పెళ్లయి ఏడేళ్లు. ఊరు నిడమనూరు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. మా ఇంట్లో బీరువా పక్కన ఒక అద్దాల అలమర ఉంది. చుట్టాలిళ్లలో అయితే అందులో స్టీలు గిన్నెలో, పెళ్లిలో వచ్చిన షీల్డులో ఉంటాయి. మా దాంట్లో 141 బొమ్మలున్నాయి.

అందమైన బొమ్మలు అనుకునేరు. కాదు. అందమైనవి నేను కొనను. నాకు కావాల్సింది వింతవి. తోక పట్టుకుంటే తల తిప్పి చూసే చెక్క పాము. రెండు పుల్లల మధ్య దారానికి వేలాడుతూ, పుల్లలు నొక్కితే పల్టీలు కొట్టే కోతి. తాడు కట్టి లాగితే దానంతటదే డప్పు కొట్టుకునే టకటక బండి. పొట్ట నొక్కితే టిక్కుమనే రేకు కప్ప. వీటి పక్కనే ఇంకో రకం, తప్పుడు బొమ్మలు. స్పైడర్‌మ్యాన్ ఛాతీ మీద సూపర్‌మ్యాన్ గుర్తు. నొక్కితే పిల్లిలా అరిచే ఏనుగు. ఎక్కడో ఎవరో పొరపాటు చేశారు, అది తిరిగి తిరిగి మా నల్గొండ జిల్లా దాకా వచ్చింది. అలాంటిదాన్ని వదిలిపెట్టి రావడం నా వల్ల కాదు.

జనవరి, ఫిబ్రవరి నెలలు నాకు బొమ్మల సీజన్. జనవరిలో పాలకవీడు దగ్గర జాన్‌పహాడ్ ఉర్సు. ఆ తర్వాత మేళ్లచెరువు శివరాత్రి. రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర. వీటి మధ్యలో హైదరాబాద్‌లో నుమాయిష్ ఉండనే ఉంది. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. మిర్యాలగూడలో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రో పట్టుకుంటే నేరుగా గాంధీభవన్ స్టేషన్. బయటికొస్తే ఎగ్జిబిషన్ గ్రౌండే.

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో వంద దాకా స్టాళ్లతో మొదలైంది. 1946లో నాంపల్లికి మారింది. మనలో చాలామంది అక్కడికి డ్రెస్సుల కోసమో, మిర్చీ బజ్జీల కోసమో, జెయింట్ వీల్ కోసమో వెళ్తారు. నేను మాత్రం పెద్ద స్టాళ్లు దాటుకుని, దారి పక్కన చేతిలో సరుకు పట్టుకుని తిరిగేవాళ్ల కోసం చూస్తాను. స్టాలు అద్దెకు తీసుకున్నవాళ్లు జనం ఎక్కువగా కొనే బొమ్మ పెడతారు. చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లు మాత్రం ఆడించి చూపించే బొమ్మ తెస్తారు. ఆడించకపోతే ఎవరూ ఆగరు కదా. వింత బొమ్మ దొరికేది వాళ్ల దగ్గరే.

"ఇంత వయసొచ్చి బొమ్మలేంటి?" అని మీరూ అనుకుంటూ ఉండొచ్చు. కానీ ఒకసారి మీ ఫ్రెండ్స్ బ్యాగుల వైపు చూడండి. జిప్‌కు పళ్లికిలిస్తూ ఒక లబుబు వేలాడుతూ ఉంటుంది. హాంకాంగ్‌లో పుట్టిన కాసింగ్ లుంగ్ అనే ఆర్టిస్టు 2015లో ఆ పాత్రను గీశాడు. 2024లో బ్లాక్‌పింక్ లీసా తన బ్యాగుకు తగిలించుకుంది, అంతే, ప్రపంచమంతా క్యూ కట్టింది. ఆ క్యూలో నిలబడింది పసిపిల్లలు కాదు, జీతాలొచ్చేవాళ్లు. హాట్‌వీల్స్ కార్లు ప్యాకెట్ చింపకుండా గోడకు వేలాడదీసుకునే సాఫ్ట్‌వేర్ అన్నలు మీకూ తెలిసే ఉంటారు.

ఇంకో సంగతి. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1950 నుంచి ఒక టాయ్ ఫెయిర్ జరుగుతోంది. ప్రపంచంలో బొమ్మల వ్యాపారానికి అంతకంటే పెద్ద సంత లేదంటారు. అందులోకి వ్యాపారులకే ప్రవేశం. పిల్లల్ని రానివ్వరు. ఇది చదివిన రోజు నేను ఎంత నవ్వుకున్నానో. బొమ్మల సంతలో పెద్దవాళ్లు తిరగడం వింతేమీ కాదన్నమాట, అక్కడ తిరిగేదే పెద్దవాళ్లు!

అంత దూరం ఎందుకు? సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు మన దగ్గరే ఉన్నాయి. మెట్లు మెట్లుగా పేర్చి, అమ్మమ్మ నాటి బొమ్మ పక్కన ఈ ఏడు కొన్న బొమ్మ పెట్టి, పేరంటాన్ని పిలిచి చూపిస్తారు. అది టాయ్ షో కాక మరేమిటి? దాన్ని నడిపేది పెద్దవాళ్లే. పిల్లలు ముట్టుకుంటే చేతి మీద ఒకటేస్తారు కూడా.

2021లో కొవిడ్ టైమ్‌లో కేంద్ర ప్రభుత్వం ఇండియా టాయ్ ఫెయిర్ పెట్టింది. ఫిబ్రవరి 27న మొదలైంది. మొత్తం ఆన్‌లైనే. నిడమనూరులో మా డాబా మీద కూర్చుని ఫోన్‌లో ఆ ఫెయిర్ అంతా తిరిగాను. స్టాల్ మీద నొక్కితే బొమ్మ ఫొటో, కింద వివరాలు. రంగులు బాగున్నాయి. కానీ ఏదో వెలితి. చాలాసేపటికి అర్థమైంది. ఒక్క బొమ్మకూ నేను కీ తిప్పలేదు. ఏ బొమ్మా టిక్కుమనలేదు. వింత బొమ్మ అంటే చూసేది కాదు, చేతిలో పెట్టుకుంటే ఏదో ఒకటి చేసేది. అందుకే ఫోన్ జేబులో పెట్టుకుని జాతరకు పోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

2023 ఫిబ్రవరి, పెద్దగట్టు జాతర. భేరీల మోత, గజ్జెల లాగుల చప్పుడు, గట్టంతా "ఓ లింగా" అనే కేకలు. కింద రోడ్డు పక్కన ఒక పెద్దమ్మ పట్టా పరుచుకుని బొమ్మలు పెట్టుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఏరుతున్నాను. కప్ప, గిలక, కోతి, ఇంకో కప్ప. అన్నీ కలిపి ఆరో ఏడో అయ్యాయి.

"ఎంతమంది పిల్లలు బిడ్డా?" అంది.

మామూలుగా అడిగే ప్రశ్న కాదది. ఎవరికని అడిగితే మా అన్న కొడుకు ఉన్నాడు. ఎంతమంది అనేసరికి నోటికి అబద్ధం రాలేదు. "లేరు" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. పక్కన ఒక బుట్టలోంచి చిన్న చెక్క ఉయ్యాల తీసింది. జానెడు కూడా లేదు. పసుపు రాసి, ఎర్ర దారం చుట్టి ఉంది. పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు చెట్టుకు కట్టే ఉయ్యాల. నా చేతిలో పెట్టి, "పైసలొద్దు. కట్టి పో. వచ్చే గట్టుకు బిడ్డనెత్తుకొని రా" అంది.

కోపం వచ్చిందని చెప్పలేను. ఎండలో కూర్చుని రోజంతా అమ్మితే ఎంత మిగులుతుందో ఏమో, ఆ మనిషి నాకు ఒక వస్తువు ఊరికే ఇచ్చింది. కానీ నేను దాన్ని కట్టలేదు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా బస్సులో దాన్ని సంచిలో పెట్టనూ లేదు, పక్కసీటు మీద పెట్టనూ లేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. నా అలమర చూసినవాళ్లంతా ఇదే అనుకుంటున్నారు. మా ఇంటికొచ్చే చుట్టాలు బొమ్మల వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, చప్పున మాట మారుస్తారు. "పాపం" అనే మాట పైకి రాదంతే. మా అత్తమ్మ ఆ అలమరకు తెర కుట్టించింది, దుమ్ము పడుతోందని. అద్దాల అలమరకు దుమ్మేంటో!

పిల్లలు కావాలని మేం డాక్టర్ల చుట్టూ తిరిగిన మాట నిజమే. అది వేరే కథ. దానికి వేరే ఫైలుంది, వేరే ఖర్చుంది, వేరే ఏడుపుంది. ఈ బొమ్మలు మాత్రం నేను డిగ్రీ చదివేటప్పటి నుంచి కొంటున్నాను. అప్పటికి పెళ్లి ఆలోచనే లేదు. వీటిని నేను రాబోయే పిల్లల కోసం దాచడం లేదు, రాని పిల్లల బదులు పెంచడమూ లేదు. రేకు కప్ప టిక్కుమంటే నాకు నవ్వొస్తుంది, అందుకు కొన్నాను. అంతే. కానీ ఈ మాట నేనే ఎప్పుడూ ఎవరికీ చెప్పకపోతే, జనం తమకు తోచింది అనుకోకుండా ఎలా ఉంటారు? "అన్న కొడుక్కి" అని దాచింది నేనే కదా.

2025 ఫిబ్రవరిలో మళ్లీ గట్టుకు వెళ్లాను. ఆ పెద్దమ్మ కోసం వెతికాను. కనపడలేదు. కొంచెం అవతల ఒక తాత కూర్చుని ఉన్నాడు. ముందర అన్నీ ప్లాస్టిక్ కార్లు, బుడగలు, లైట్ల కత్తులు. వింతదేదీ లేదు. లేవబోతుంటే అడిగాడు.

"ఎవరికి బిడ్డా?"

"నాకే తాతా."

"నీకా?"

"నాకే. పాత రేకు బొమ్మలంటే పిచ్చి. పిల్లలకు కాదు."

తాత నన్ను కిందికీ మీదికీ చూశాడు. తర్వాత వెనక ఉన్న గోనె సంచి ముందుకు లాగి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, పాత పేపర్లో చుట్టిన పొట్లం తీశాడు. విప్పితే రేకు పడవ!

మా తాతయ్య నాకు ఎనిమిదేళ్లప్పుడు కొనిచ్చిన పడవ అలాంటిదే. స్టీలు టబ్బులో నీళ్లు పోసి, దీపం పెడితే టప్ టప్ టప్ అని తిరిగేది. నా దగ్గర ఇప్పుడు ఒకటుంది, ఆన్‌లైన్‌లో ఎక్కువ రేటు పెట్టి కొన్నది. రెండేళ్లుగా దీపం పెడుతూనే ఉన్నాను, ఒక్క అంగుళం కదల్లేదు. మోసపోయానని దాన్ని కింది అరలో పెట్టేశాను. ఆ మాట తాతకు చెబితే నవ్వాడు.

"గొట్టాల్ల నీళ్లు పోసినవా?"

పోయలేదు. పోయాలని నాకు తెలియదు. చిన్నప్పుడు ఆ పని మా తాతయ్య చేసి ఇచ్చేవాడు, నేను చూసింది దీపం వెలిగించడమే.

ఆ పడవ ఎలా నడుస్తుందో తెలిస్తే మీరూ ఒకటి కొంటారు. కప్పు కింద పల్చటి రేకు పెట్టె ఉంటుంది. దాన్నుంచి రెండు సన్నటి గొట్టాలు వెనక్కి, నీళ్లలోకి వెళ్తాయి. ముందుగా గొట్టాల్లోంచి లోపల నీళ్లు నింపాలి. కింద చిన్న ఒత్తి వెలిగిస్తే ఆ నీళ్లు ఆవిరై, గొట్టాల్లోని నీటిని వెనక్కి తోస్తాయి, పడవ ముందుకు పోతుంది. ఆవిరి చల్లబడగానే గొట్టాలు మళ్లీ నీళ్లు పీల్చుకుంటాయి. పల్చటి రేకు పైకీ కిందికీ ఎగిరి టప్ టప్ అంటుంది. మరి నీళ్లు పీల్చినప్పుడు పడవ వెనక్కి రావాలి కదా? రాదు. తోసేటప్పుడు నీళ్లు ఒకే దిక్కుకు సూటిగా పోతాయి. పీల్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తాయి. అందుకే ముందుకే పోతుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. 1891లోనే థామస్ పియో అనే ఆయన బ్రిటన్‌లో ఇలాంటి పడవకు పేటెంట్ తీసుకున్నాడు. మియాజాకీ తీసిన పోన్యో సినిమా చూశారా? 2008లో వచ్చింది. అందులో పిల్లలిద్దరూ ఎక్కి తిరిగేది ఈ పడవే, పెద్దదై.

తాత మూత నీళ్లతో గొట్టాలు నింపి చూపించాడు. నేను అడిగి వీడియో తీసుకున్నాను. మొహం కాదు, చేతులే.

"ఇంకెన్ని ఉన్నయి తాతా?"

"నాలుగు. గియ్యే ఆఖరువి. చేసేటాయన పోయిండు. గిప్పుడెవరు కొంటున్నరు గివి?"

బేరం ఆడలేదు. నాలుగూ తీసుకున్నాను. ఒక్కటే కొనుక్కోవాల్సింది, మిగతావి ఎవరో ఒకరు పిల్లలకు కొనేవాళ్లేమో అని ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది. కానీ నిజం చెప్పాలంటే పసిపిల్లల చేతికి అది ఇవ్వకూడదు. రేకు అంచు కోస్తుంది, లోపల నిప్పుంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మంచిదే. రంగుల్లో సీసం, విరిగే ముక్కలు, ఇవన్నీ పిల్లల నోట్లోకి పోయేవి. చేతివృత్తుల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు దారి ఉంది. ఏటికొప్పాకకైతే 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడి కళాకారుడు సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలదే. అంకుడు కర్రను తిప్పుతూ లక్క పట్టించే ఆ పని చూడటానికి ఢిల్లీ దాకా జనం ఉన్నారు.

కానీ రేకు కప్పకు ఏ ఊరి పేరుంది? టకటక బండికి ఏ గుర్తింపు ఉంది? ఎక్కడో ఒక రేకుల షెడ్డులో, పాత డబ్బాలు కత్తిరించి చేసినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. పేరు లేనిదానికి అవార్డు రాదు, మినహాయింపూ అందదు. ఆ సంచి ఖాళీ అయితే ఖాళీ అయినట్టే. అది ఖాళీ అవుతోందని తెలిసేది కూడా, "నాకే" అని చెప్పి సంచి విప్పించుకున్నవాళ్లకే.

అందుకే మీలో ఎవరికైనా ఈ పిచ్చి ఉంటే, లేదా అంటుకుంటే, నాకు తెలిసిన నాలుగు మాటలు. జాతరకు మొదటి రోజు కాదు, చివరి రోజు పొద్దున వెళ్లండి. అప్పటికి రద్దీ తగ్గి అమ్మేవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. చిల్లర పట్టుకెళ్లండి, పట్టా మీద కూర్చున్న అందరి దగ్గరా స్కానర్ ఉండదు. బొమ్మ కొన్నాక "పాడైతే ఎట్ల?" అని అడగండి. దానికి జవాబు ఏ వీడియోలోనూ దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరికని అడిగితే నిజం చెప్పండి.

ఇంటికొచ్చాక ఆ రాత్రి కరెంటు పోయింది. టబ్బులో నీళ్లు పోసి, గొట్టాలు నింపి, ఒత్తి వెలిగించాను. టప్ టప్ టప్. చీకట్లో చిన్న దీపం గుండ్రంగా తిరుగుతోంది. మా ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. చప్పుడు విని మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. కాసేపటికి పీట వేసుకుని కూర్చుంది.

"చిన్నప్పుడు మా నాయిన తాటిబుర్రలతోని బండి చేసిచ్చెటోడు" అంది. "దాన్ని దొబ్బుకుంట కాల్వ దాకా పోయేటోళ్లం. గట్లాంటిది ఉన్నదా నీ దగ్గర?"

"లేదత్తమ్మా."

"ఎండాకాలం ముంజెలొస్తయిగా. చేసిస్త తీ."

ఏడేళ్లలో ఆ అలమర గురించి ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

తర్వాత నాలుగైదు రోజులకు చూస్తే అలమరకు తెర లేదు. లోపల దుమ్ము తుడిచి, అన్నీ సర్ది ఉన్నాయి. నేను వెనక అరలో, పడవల చాటున దాచిన చెక్క ఉయ్యాల ముందుకొచ్చింది. గుండె ఝల్లుమంది. ఇక ఏ చెట్టుకు కట్టి రమ్మంటుందో అనుకున్నాను.

ఆమె ఏమీ అనలేదు. దగ్గరికెళ్లి చూస్తే, ఉయ్యాలలో రేకు కప్పను పడుకోబెట్టి ఉంది.